విమానాశ్రయములో రెండు వరుసలు

మన తెలుగునాట నేడు అమెరికా మాట వినబడని వీధి అరుదు. ఒక యింటి కుమారుడు డల్లాసులో ఉద్యోగము చేయుచున్నాడు. ప్రక్క యింటి కుమార్తె న్యూజెర్సీలో కాపురమున్నది. ఎదురింటి వృద్ధదంపతులు కూతురి పురిటికని వెళ్లి ఆరు నెలలుండి వచ్చిరి. ఇట్టి కుటుంబములలో తరచుగా చర్చకు వచ్చు చిన్న ప్రశ్న యొకటి కలదు. అమెరికా విమానాశ్రయములలో రక్షణ తనిఖీకి రెండు విధములైన వరుసలున్నవి. ఒకటి అందరిది. రెండవది ముందుగా రుసుము చెల్లించి పేరు నమోదు చేసికొన్నవారిది. ఈ రెండవ వరుస త్వరగా సాగును. పిల్లలను వెంటబెట్టుకొని ప్రయాణము చేయు కుటుంబము ఆ రుసుము చెల్లించుట లాభమా, వ్యర్థమా?

కాగితము మీద లెక్క వేసి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఈ ప్రసంగము చివర మేమును ఆ లెక్క వేయుదుము. కాని వెల సరియైనదో కాదో తేల్చుటకు ముందు కొనుచున్న వస్తువేదో తెలియవలెను గదా! త్వరితపు వరుసలో మనము కొనుచున్నది కాలమా? సౌకర్యమా? లేక ఇతరులకంటె ముందు నిలుచు హక్కా? ఇది తెలియవలెనన్న ఆ వరుస పుట్టిన చరిత్ర చూడవలెను. అది సుదీర్ఘమైన చరిత్ర కాదు. ఒక మనుష్యుని ఆయుర్దాయములో ఇమిడిపోవునంతటిది.

విమానయానపు తొలి దశాబ్దములలో ప్రయాణికుని సంచి వెదకుట అను పద్ధతియే లేకుండెను. రైలెక్కినంత సులభముగా టికెట్టు చూపి విమానమెక్కెడివారు. సాగనంప వచ్చిన బంధువులు విమానము సమీపమువరకు పోయి చేయి ఊపెడివారు. 1961 మే 1వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రములోని మారథాన్ నుండి కీవెస్టునకు పోవుచున్న నేషనల్ ఎయిర్‌లైన్స్ విమానమును ఒక ప్రయాణికుడు బెదిరించి క్యూబాకు మళ్లించెను. అట్లు క్యూబాకు మళ్లింపబడిన అమెరికా విమానములలో అదియే మొదటిది. అటుపిమ్మట ఈ జాడ్యము క్రమముగా ముదిరినది. 1968 మొదలు 1972 వరకు గల ఐదేండ్లలో అపహరణలు, అపహరణ యత్నములు కలిసి అమెరికాలో 130కి పైగా జరిగెను. ఒకే దినమున రెండు విమానములు మళ్లింపబడిన సందర్భములును ఉన్నవి.

ఇంత జరుగుచున్నను విమాన సంస్థలు తనిఖీకి సుముఖముగా లేకుండెను. ప్రయాణికుని దొంగవలె నిలబెట్టి వెదకినచో అతడు మరల విమానమెక్కునా అని వారి భయము. ఖర్చు ఎవరు భరించవలెనన్నది మరియొక చిక్కు. 1969లో మధ్యేమార్గ మొకటి కనుగొనిరి. ప్రయాణికుల నడవడి చూచి, అనుమానము కలిగిన కొలదిమందిని మాత్రము లోహశోధక యంత్రముతో పరీక్షించుట ఆ మార్గము. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ దీనిని మొదట ప్రయోగించి చూచెను. అనగా తనిఖీ పుట్టిననాడే ‘అందరినా? కొందరినా?’ అను ప్రశ్నయు దానితో కవలగా పుట్టినది. ఈ ప్రశ్న మన కథలో మరల రానున్నది.

కొందరిని మాత్రము చూచుట చాలదని 1972 నవంబరు 10వ తేదీన తేలిపోయినది. ఆనాడు సదరన్ ఎయిర్‌వేస్ వారి విమానమును ముగ్గురు వ్యక్తులు అపహరించి, తాము కోరిన ధనము ఈయనిచో టెన్నెసీ రాష్ట్రమునందలి ఓక్ రిడ్జ్ అణుకేంద్రము మీద దానిని కూల్చెదమని బెదిరించిరి. ఆ బెదిరింపుతో ప్రభుత్వము మేల్కొన్నది. 1973 జనవరి 5వ తేదీ నుండి అమెరికాలో విమానమెక్కు ప్రతి ప్రయాణికుని, ప్రతి చేతిసంచిని పరీక్షింపవలెనని ఆజ్ఞ అమలులోనికి వచ్చెను. నేరమేదియు చేయని పౌరుని వెదకుట న్యాయమా అను వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఈ వెదకుట ఆయుధములు, ప్రేలుడు పదార్థములు విమానములోనికి పోకుండ ఆపుటకే పరిమితమై యుండవలెననియు, ఇష్టములేనివాడు ప్రయాణము మానుకొనవచ్చుననియు, అట్లున్నచో ఇది సమ్మతమే యనియు 1973లోనే ఒక ఉన్నత న్యాయపీఠము నిర్ణయించెను. ధనికుడైనను, పేదయైనను, శాసనసభ్యుడైనను, చంటిబిడ్డ తల్లియైనను ఒకే ద్వారము గుండా పోవలసినదే. అందరికిని ఒకటే నియమమగుటచేతనే ప్రజలు దానిని సహించిరి.

మన దేశమునకును ఈ పాఠము బాధతోనే అబ్బినది. 1971 జనవరి 30న శ్రీనగరు నుండి బయలుదేరిన ‘గంగ’ యను ఫాకర్ విమానమును లాహోరుకు మళ్లించిరి. 1985 జూన్ 23న ఎయిరిండియావారి ‘కనిష్క’ విమానము అట్లాంటిక్ సముద్రముపై ప్రేలిపోగా 329 మంది మరణించిరి. విమానయాన రక్షణకై ఏర్పడిన కార్యాలయము 1987లో స్వతంత్ర శాఖయైనది. 1999 డిసెంబరు 24న ఖాట్మండు నుండి ఢిల్లీకి వచ్చుచున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానము కాందహారునకు మళ్లింపబడిన పిమ్మట, 2000 సంవత్సరము నుండి మన విమానాశ్రయముల కాపలా క్రమముగా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమునకు అప్పగింపబడినది.

అమెరికాలో 2001వరకు తనిఖీ పని విమాన సంస్థల బాధ్యతగా నుండెను. ఆ సంస్థలు దానిని గుత్తేదారులకు అప్పగించెడివి. చవుకగా చేయువానికే గుత్త దక్కెడిది. 2001 సెప్టెంబరు 11వ తేదీనాటి దారుణము ఈ పద్ధతిని సమూలముగా మార్చినది. ఆ యేడు నవంబరు 19న క్రొత్త శాసనముపై అధ్యక్షుడు సంతకము చేసెను. రవాణా భద్రతా సంస్థ యను ప్రభుత్వ శాఖ ఏర్పడెను. దీనినే టి.ఎస్.ఎ. అందురు. దీని ఖర్చులకై 2002 ఫిబ్రవరి నుండి ప్రతి టికెట్టు మీద భద్రతా రుసుము విధించిరి. మొదట విమానమెక్కిన ప్రతిసారి రెండున్నర డాలర్లుండగా, 2014 జూలై నుండి ఒకవైపు ప్రయాణమునకు 5 డాలర్ల 60 సెంట్లయినది. నలుగురున్న కుటుంబము ఒకసారి పోయి వచ్చినచో ఈ పద్దు క్రింద 44 డాలర్ల 80 సెంట్లు చెల్లించుచున్నదన్నమాట. ఈ సంగతి శ్రోతలు గుర్తుంచుకొనవలెను. సాధారణ వరుస ఉచితమైనదని మనమనుకొందుము. అది ఉచితము కాదు. అందులో నిలుచున్నవారును ముందే సొమ్ము చెల్లించినవారే.

ఆ తరువాత ఒక్కొక్క ప్రమాదము ఒక్కొక్క క్రొత్త నిబంధనను తెచ్చినది. 2001 డిసెంబరు 22న పారిస్ నుండి మయామికి పోవు విమానములో ఒకడు బూటులో దాచిన ప్రేలుడు పదార్థమునకు నిప్పంటింప యత్నించి పట్టుబడెను. 2006 ఆగస్టులో ద్రవరూపములోని ప్రేలుడు పదార్థములతో విమానములను కూల్చు కుట్ర యొకటి ఇంగ్లండులో బయటపడినది. ఆ నెలలోనే అమెరికాలో ప్రయాణికులందరును బూట్లు విప్పి పరీక్షకు పెట్టవలెనన్న నియమము వచ్చెను. ద్రవములు వంద మిల్లీలీటర్లకు మించని చిన్న సీసాలలో మాత్రమే చేతిసంచిలో ఉండవలెనన్నారు. కోటు విప్పుడు, నడికట్టు తీయుడు, కంప్యూటరును వేరుగా తట్టలో ఉంచుడు అన్నారు.

ఈ నిబంధనల బరువు అందరిమీద సమానముగా పడలేదు. ఒంటరిగా పోవు వర్తకుడు రెండు నిమిషములలో బూట్లు విప్పి తొడుగుకొనును. ఇద్దరు పిల్లలున్న తల్లి సంగతి చూడుడు. నిదురపోవుచున్న పసివానిని తోపుడుబండి నుండి ఎత్తుకొనవలెను. ఆ బండిని మడిచి యంత్రములోనికి పంపవలెను. పెద్దపిల్ల బూట్లు విప్పవలెను. తన బూట్లు విప్పవలెను. పాలసీసాలకు వంద మిల్లీలీటర్ల నియమము వర్తింపదు గాని వానిని వేరుగా తీసి చూపవలెను. వెనుక నిలిచినవారి అసహనము వీపున తగులుచుండగా ఇదంతయు చేయవలెను. పన్నెండేండ్లలోపు పిల్లలు బూట్లు విప్పనక్కరలేదని 2011లో సడలించిరి. ఐనను తక్కిన తంటా తప్పలేదు. కుటుంబములకు కష్టమైనది వరుసలో నిలుచుటకంటె వరుస చివర జరుగు ఈ విప్పుట, సర్దుట అని దీనివలన గ్రహింపవలెను.

ఇక రుసుము వరుస కథకు వత్తము. నమ్మకస్థులైన ప్రయాణికులను ముందుగా గుర్తించి వారిని త్వరగా పంపు ఏర్పాటు చేయవచ్చునని 2001నాటి శాసనములోనే వ్రాసియున్నది. 2004లో మినియాపొలిస్ మొదలుగా ఐదు విమానాశ్రయములలో ప్రభుత్వము దీనిని ప్రయోగాత్మకముగా నడిపెను. ఆ పిమ్మట ఈ పనిలో ప్రైవేటు వ్యాపారము ప్రవేశించినది. పత్రికారంగములో పేరుపొందిన స్టీవెన్ బ్రిల్ 2003లో స్థాపించిన సంస్థ, ‘క్లియర్’ అను పేరుతో 2005లో ఆర్లాండో విమానాశ్రయమున తొలి రుసుము వరుసను తెరచెను. ఆర్లాండో యనగా ఫ్లోరిడాలో డిస్నీవారి వినోదనగరమున్న ఊరు. 1971లో ఆ నగరము తెరచినది మొదలు దేశము నలుమూలల నుండి పిల్లలతో కుటుంబములు అచటికి వెల్లువగా వచ్చుచున్నవి. తోపుడుబండ్లతో నిండిన ఆ వరుసల ప్రక్కనే, ఏడాదికి సుమారు 80 డాలర్లు చెల్లించి, వ్రేలిముద్రలును కనుపాప గుర్తులును ఇచ్చినవారికి వేరొక ద్వారము తెరువబడినది.

ఆ ద్వారము ఎవరికి ఉపయోగపడినది? వారమునకు రెండుసార్లు విమానమెక్కు ఉద్యోగులకు, వర్తకులకు. ఏడాది కొకసారి పిల్లలకు డిస్నీ చూపుటకు వచ్చిన కుటుంబమునకు కాదు. మరియొక లోపమును కలదు. ఆ కార్డు ఉన్నవాడు వరుసలో ముందునకు పోవునే గాని, యంత్రము వద్దకు చేరిన తరువాత అందరివలెనే బూట్లు విప్పవలసినదే. బూట్లు విప్పకుండగనే పరీక్షించు యంత్రమును సంస్థ తెచ్చి చూపినను ప్రభుత్వము దానికి సమ్మతి నీయలేదు. అనగా సంస్థ అమ్మినది నిరీక్షణ తగ్గింపే గాని తనిఖీ తగ్గింపు కాదు.

వ్యాపారమన్నది గాలిదీపము. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయమున ఆ సంస్థవారి కంప్యూటరొకటి కనబడకపోయెను. అందులో 33,000 మంది వివరములుండెను. తరువాత అది అదే కార్యాలయములో దొరికినది గాని నమ్మకము సడలినది. 2009 జూన్ 22వ తేదీ రాత్రి పదకొండు గంటలకు సంస్థ తన వరుసలన్నిటిని మూసివేసెను. ముందుగా సంవత్సరముల చందా కట్టినవారికి సొమ్ము తిరిగి ఈయలేమని ప్రకటించెను. 2010లో వేరొకరు దివాలా ఆస్తులలో ఆ పేరును కొని, ఆర్లాండో, డెన్వరు నగరములలో వరుసలను మరల తెరచిరి. నేడు మనకు కనబడు క్లియర్ ఆ రెండవ జన్మ యెత్తినదే.

ఈలోగా ప్రభుత్వము వేరొక ఆలోచన చేసినది. నిరీక్షణ కాదు, తనిఖీనే తగ్గించినచో ఎట్లుండును? ముందుగా పూర్వాపరములు విచారించిన ప్రయాణికులను బూట్లు, నడికట్టు, పలుచని కోటు విప్పకుండ, కంప్యూటరును, ద్రవములను సంచి నుండి తీయకుండ పంపవచ్చును గదా! ‘ప్రీచెక్’ అను ఈ పద్ధతి 2011 అక్టోబరు 4న అట్లాంటా, డిట్రాయిట్, డల్లాస్, మయామి విమానాశ్రయములలో ఆరంభమైనది. మొదట విమాన సంస్థల పాత ఖాతాదారులకే దక్కిన ఈ సౌకర్యమునకు, 2013 డిసెంబరు నుండి ఎవరైనను దరఖాస్తు పెట్టుకొను వీలు కలిగెను. ఐదేండ్లకు రుసుము 85 డాలర్లు. తరువాత కొంత తగ్గినది. నేడు 200కు పైగా విమానాశ్రయములలో ఈ వరుసలున్నవి. 2024 నాటికి సభ్యుల సంఖ్య రెండుకోట్లు దాటినది.

1969లో పుట్టిన ప్రశ్న ఇచట మరల తలయెత్తినది. ఆనాడు కొందరిని అనుమానించి పరీక్షించిరి. 2011లో కొందరిని నమ్మి విడిచిరి. ఇందులో నేర్పు లేకపోలేదు. అందరిని సమానముగా అనుమానించుటకంటె, తెలిసినవారిపై శ్రమ తగ్గించి తెలియనివారిపై దృష్టి నిలుపుట మేలని రక్షణ శాస్త్రజ్ఞుల వాదము. ఐతే నమ్మకమునకు వెల కట్టినప్పుడు ఒక చిక్కు వచ్చును. వెల చెల్లింపలేనివాడు నమ్మదగనివాడు కాడు గదా!

ఆ చిక్కు ఎట్టిదో 2016లో ప్రజలు కన్నులార చూచిరి. కోట్లకొలది జనము ప్రీచెక్కులో చేరుదురనియు, సాధారణ వరుసలలో పని తగ్గుననియు తలచి, అంతకుముందు కొన్నియేండ్లుగా తనిఖీ సిబ్బందిని తగ్గించుచు వచ్చిరి. అనుకొన్నంత మంది చేరలేదు. ప్రయాణికుల సంఖ్య మాత్రము పెరిగినది. ఆ వసంతకాలములో చికాగో మొదలగు నగరములలో వరుసలు చాంతాడువలె సాగిపోయెను. మే నెలలో ఒకనాడు చికాగోలోని ఓహేర్ విమానాశ్రయమున ఒక్క అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికులలోనే సుమారు 450 మంది తనిఖీ వరుసలో నుండగనే వారి విమానములు లేచిపోయినవి. పలువురు ఆ రాత్రి విమానాశ్రయములోనే మడత మంచములపై పరుండిరి. అటుపిమ్మట హడావిడిగా సిబ్బందిని పెంచి, ఉన్నవారిచే అదనపు గంటలు పనిచేయించి పరిస్థితిని చక్కబెట్టిరి.

ఈ ఘట్టములో మన ప్రశ్నకు కీలకమున్నదని మా అభిప్రాయము. త్వరితపు వరుసకు విలువ నిచ్చునది దాని వేగము కాదు. ప్రక్క వరుస మందగమనము. సాధారణ వరుస పది నిమిషములలో సాగుచోట రుసుము వరుసను ఎవరు కొందురు? రెండు వరుసలకును సిబ్బందిని పంచునది ఒక్క చేయియే. ఒక ప్రక్క చందా పెరుగునని ఆశించి రెండవ ప్రక్క మనుష్యులను తగ్గించినప్పుడు, ఆ లోటు మోయువారు ఏడాది కొకసారి ప్రయాణము చేయు సామాన్య కుటుంబములే. 2024లో కాలిఫోర్నియా శాసనసభలో ఒక సభ్యుడు, ప్రైవేటు సంస్థల చందాదారులు సామాన్యుల వరుసను దాటి ముందుకు పోరాదనుచు ఒక బిల్లు ప్రతిపాదించెను. అది శాసనము కాలేదు. ఐనను ఆ అసంతృప్తి బహిరంగముగా చర్చకు వచ్చుటయే గమనింపదగిన విషయము.

ఇక కుటుంబపు లెక్క చూతము. ముందుగా పిల్లల సంగతి. ప్రీచెక్ గుర్తు గల తల్లితోనో తండ్రితోనో పన్నెండేండ్లు, అంతకు లోపు వయస్సు గల పిల్లలు రుసుము లేకయే ఆ వరుసలో పోవచ్చును. 2023 మే నుండి పదమూడు మొదలు పదునేడేండ్ల పిల్లలకును ఈ వీలు కలిగినది. ఐతే వారి టికెట్టు తల్లిదండ్రుల టికెట్టుతో కలిసి కొన్నదై యుండవలెను, వారి బోర్డింగ్ పాస్ మీద కూడ ఆ గుర్తు పడవలెను. కావున సాధారణ కుటుంబములో సొమ్ము చెల్లింపవలసినవారు ఇద్దరే. మనిషికి ఇంచుమించు 80 డాలర్ల చొప్పున ఇద్దరికి 160 డాలర్లు, ఐదేండ్లకు. ఏడాది కొకసారి పోయి వచ్చు కుటుంబము ఐదేండ్లలో పదిసార్లు తనిఖీకి నిలుచును. తడవకు 16 డాలర్లు పడినది. ఏడాదికి నాలుగుసార్లు పోయి వచ్చువారికి తడవకు 4 డాలర్లే. సాధారణ వరుసలో ముప్పది నిమిషములకు, ప్రీచెక్కులో పది నిమిషములకు మించకుండ చూతుమని టి.ఎస్.ఎ. చెప్పు లక్ష్యము. ఆ లెక్కన మిగులునది సుమారు ఇరువది నిమిషములు. దానికి 4 డాలర్లు చవుకయే. 16 డాలర్లు ఆలోచింపవలసినదే.

క్లియర్ లెక్క వేరు. 2025లో దాని రుసుము ఒకరికి ఏడాదికి 200 డాలర్లకు పైబడినది. ఇంటిలో రెండవ పెద్దవారిని చేర్చుటకు మరి 100కు పైగా కావలెను. పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు రుసుము లేదు. ఐదేండ్లకు దంపతుల ఖర్చు 1,500 డాలర్లు దాటును. ఇంత పెట్టినను, ప్రీచెక్ లేనిచో, గుర్తింపు పరీక్షలో ముందునకు పోవుటయే గాని తట్టలలో సామాను సర్దు తంటా తగ్గదు. కుటుంబములకు కష్టమైనది ఆ తంటాయే అని ముందే చెప్పుకొంటిమి. కావున నెలకు పలుమార్లు ప్రయాణము చేయువారికి తప్ప, సామాన్య కుటుంబమునకు ఇది తగిన బేరము కాదని మా నిశ్చయము.

మన తెలుగు కుటుంబములకు ప్రత్యేకముగా చెప్పవలసిన మాట కలదు. ప్రీచెక్కునకు నేరుగా దరఖాస్తు పెట్టు అర్హత అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు గలవారికి మాత్రమే. ఉద్యోగపు వీసా మీదనున్నవారికి వేరొక త్రోవయున్నది. 2008లో ఆరంభమైన ‘గ్లోబల్ ఎంట్రీ’ విదేశములనుండి వచ్చువారికి వలస తనిఖీని త్వరితము చేయు పద్ధతి. 2017 నుండి భారత పౌరులును అందులో చేరవచ్చును. 2024 అక్టోబరు నుండి దాని రుసుము ఐదేండ్లకు 120 డాలర్లు. అందులో ప్రీచెక్ సౌకర్యము కలిసియే యుండును. తల్లిగాని తండ్రిగాని సభ్యులైనచో, లేక వారును కూడ దరఖాస్తు పెట్టినచో, పదునెనిమిదేండ్లలోపు పిల్లలకు రుసుము లేదు. ఐతే వలస తనిఖీలో పిల్లలు తల్లిదండ్రుల చేయి పట్టుకొని పోవుటకు వీలులేదు. ప్రతి బిడ్డకును వేరుగా సభ్యత్వముండవలెను. రెండేండ్ల కొకసారియైనను స్వదేశము వచ్చి పోవువారికి ప్రీచెక్ కంటె ఇదియే మేలు.

వృద్ధుల సంగతియు మరువరాదు. సెలవులలో కుటుంబమంతయు కలిసి ఏ కాలిఫోర్నియాకో బయలుదేరినదనుకొందము. కొడుకు, కోడలు, పిల్లలు ప్రీచెక్ వరుసలోనికి పోవుదురు. సందర్శకుల వీసాపై వచ్చిన తాతకు, నాయనమ్మకు ఆ గుర్తుండదు. పెద్దవారిని పెద్దవారు వెంటబెట్టుకొనిపోవు వీలు ఆ నియమములలో లేదు. భాష తెలియని ఆ వృద్ధులను సాధారణ వరుసలో ఒంటరిగా విడుతురా? కొడుకో కోడలో వారి వెంట పోవలసినదే. అట్టి ప్రయాణములలో ఆ రుసుము సగము వృథాయే. ప్రయాణికునికి ప్రతిసారి ఆ గుర్తు తప్పక వచ్చునన్న హామీయు లేదు. అన్ని విమాన సంస్థలు ఆ పద్ధతిలో చేరియుండలేదు. వీనిని కూడ లెక్కలో వేసికొనవలెను.

2025 జూలైలో ఈ కథ మరియొక మలుపు తిరిగినది. సాధారణ వరుసలోనివారు సైతము ఇక బూట్లు విప్పనక్కరలేదని ఆ నెలలో ప్రకటించిరి. దాదాపు పందొమ్మిదేండ్లు నడచిన నియమమది. ప్రీచెక్ అమ్ముచున్న సౌకర్యములలో ముఖ్యమైన దొకటి దీనితో అందరికిని దక్కినది. రుసుము మాత్రము తగ్గలేదు. అదే నెలలో, పిల్లలతో వచ్చు కుటుంబములకు ప్రత్యేక వరుసను ఆర్లాండోలో ఏర్పరచి, ఇతర విమానాశ్రయములకును విస్తరింతుమనిరి. ఇరువది యేండ్లక్రితము రుసుము వరుస మొట్టమొదట తెరచిన చోటనే, కుటుంబములకు రుసుము లేని వరుస తెరచిరన్నమాట. సొమ్మునుబట్టి కాక అవసరమునుబట్టి వరుసను విభజింపవచ్చునన్న ఆలోచన ఇది.

మనకిది క్రొత్త యేమియు కాదు. తిరుమల కొండమీద సర్వదర్శనమున్నది, మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశమున్నది. ఆ రూపాయల వరుసలో పన్నెండేండ్లలోపు పిల్లలకు టికెట్టు లేదు. ఏడాదిలోపు చంటిబిడ్డ గల తల్లిదండ్రులను సుపథము గుండా రుసుము లేకయే పంపుదురు. సొమ్ము వరుసయు, అవసరపు వరుసయు ప్రక్కప్రక్కనే నడచుట మనమెరిగినదే. ఏది ఎంతవరకు న్యాయమన్న తర్కమును మనకు పాతదే. మన విమానాశ్రయములలో పద్ధతి వేరుగా నున్నది. 2022 డిసెంబరులో ఆరంభమై, 2023లో హైదరాబాదు, విజయవాడలకు వచ్చిన ‘డిజియాత్ర’లో ముఖమును గుర్తించి ద్వారము తెరచుటకు రుసుము లేదు. విదేశ ప్రయాణికులకు వలస తనిఖీని త్వరితము చేయు పద్ధతి 2024 జూన్‌లో ఢిల్లీలోను, 2025 జనవరిలో హైదరాబాదులోను రుసుము లేకయే ఆరంభమైనది. ఐనను ఇచట సొమ్మునకు బదులు ముఖచిత్రము నిచ్చుచున్నామని మరువరాదు. శరీర పరీక్షలో స్త్రీలకు, పురుషులకు వేరు వరుసలుండుటచే, బిడ్డ ఎవరి వద్ద నుండవలెను, సంచి ఎవరు అందుకొనవలెనను చిక్కు ఇచటను దంపతులకు తప్పలేదు.

ఇంతకును తేలినదేమి? ఏడాదికి మూడు నాలుగు మారులు ప్రయాణము చేయు తల్లిదండ్రులు, పిల్లలు చిన్నవారై యుండగా, ప్రీచెక్ కొనవచ్చును. స్వదేశము వచ్చి పోవువారు గ్లోబల్ ఎంట్రీ కొనవచ్చును. ఆ సొమ్మును తిరిగి ఇచ్చు క్రెడిట్ కార్డు ముందే చేతనున్నవారు ఆలోచింపనక్కరలేదు. ఏడాది కొకసారి పోవువారు అరగంట ముందు ఇల్లు వదలుట అన్నిటికంటె చవుకైన ఉపాయము. క్లియర్ వరుస కుటుంబముల కొరకు పుట్టినది కాదు. దాని చరిత్రయే ఆ మాట చెప్పుచున్నది.

కాని కొనువారైనను, కొననివారైనను ఒక విషయములో ఏకముగా నుండవలెను. 1973లో ప్రజలు తనిఖీకి తలయొగ్గినది అది అందరికిని సమానమన్న నమ్మకముతో. సాధారణ వరుసకును ప్రతి ప్రయాణికుడు టికెట్టుతోడనే సొమ్ము కట్టుచున్నాడు. కావున ఆ వరుసలో చాలినంత సిబ్బంది నుంచవలసిన బాధ్యత ప్రభుత్వమునకు తప్పదు. బూట్ల నియమము పోవుటవలనను, ఆర్లాండోలో కుటుంబముల వరుస తెరచుటవలనను తెలియునది యేమనగా, అందరి వరుసను బాగుచేయుట అసాధ్యము కాదు. అది బాగుపడిన కొలది రెండవ వరుస రుసుము మనకు అక్కరలేనిదగును.